బోణీ అయ్యేదాకా

ఒట్టు. దేవుడి మీద, నా కళ్ల మీద, ఇంకా చాలకపోతే ఎదురింటివాళ్ల కొత్త కారు మీద కూడా ఒట్టు. ఇక్కడ రాసినదంతా అక్షరాలా జరిగింది. నా సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

నా మొదటి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో. అప్పటికి రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేవు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం, అమ్మా నేనూ. నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. అమ్మ కొత్తపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసేది. నా పని చీర కట్టుకోవడం. అవును, నేనే. ప్యాంటు మీదే కుచ్చిళ్లు పోసుకుని, కొంగు భుజాన వేసుకుని, పరుపు మీద కూర్చున్న ఆడవాళ్ల ముందు అటూ ఇటూ తిరిగి చూపించాలి. పెళ్లి చీరలకని వచ్చినవాళ్లు చీర సంగతి మరిచిపోయి నాకే సంబంధాలు అడిగిపోయేవారు.

మొదటి జీతం రోజున మా యజమాని కవరు నాలుగు మూలలకూ పసుపు రాశాడు. ఆయనది గుంటూరు వైపు. "ఏరా అబ్బాయ్, ముందు మీ అమ్మగారి చేతిలో పెట్టు. సినిమాలూ షికార్లూ తర్వాత" అన్నాడు. అమ్మకే కదా అని, అందులోంచి అక్కడికక్కడే ఒక చీర కొన్నాను. చిలకాకుపచ్చ, ఎర్రంచు. నాన్న ఉండగా అమ్మ ఇష్టంగా కట్టిన రంగు.

అమ్మ కవరును కళ్లకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టింది. చీర మడత మాత్రం విప్పలేదు.

"నాకెందుకురా గీ రంగులు? మీ నాయిన పోయినంక పచ్చ చీర కడ్తే మంది ఏమంటరు? వాపస్ ఇచ్చిరా."

మా షాపులో అమ్మిన చీర వాపసు తీసుకోరు, మార్చి ఇస్తారు. "ఆవిడనే తీసుకురా, నచ్చింది చూసుకుంటారు" అన్నాడు యజమాని. నాకూ కావలసింది అదే. ఎదురుగా కట్టుకుని చూపిస్తే అమ్మ మళ్లీ రంగు కడుతుందని నా ఆశ. పట్నంలో సగంమంది ఆడవాళ్ల మనసులు మార్చినవాణ్ని, ఈ ఒక్క మనసు మార్చలేనా?

మర్నాడు హాస్టల్ టిఫిన్లు అయిపోగానే అమ్మ వచ్చింది. షట్టర్ అప్పుడే ఎత్తాం. గుమ్మం దాకా వచ్చి, మెట్టెక్కకుండా పక్కకు జరిగి నిలబడింది.

"రా అమ్మా."

"జర ఆగు. బోణీ కానీ."

నాకు అర్థం కాలేదు. యజమానికి అయింది. భర్త పోయిన మనిషి మొదటి బేరం చేస్తే షాపుకు ఆ రోజు కలిసిరాదని అమ్మ భయం. ఆయన గల్లా దగ్గర్నుంచి లేచి బయటికొచ్చాడు.

"అమ్మగారూ, నాకలాంటి పట్టింపులేం లేవండీ. లోపలికి రండి."

"మీకు లేకపాయె సారూ, నాకున్నది. నా కొడుకు మీ ఉప్పు తింటున్నడు."

ఎండలో, సిటీ బస్సుల పొగలో, చంకలో చీర కవరుతో అలాగే నిలబడింది. ఎవరో పెళ్లివారు వచ్చి, చీరలన్నీ గుట్టలు పోయించి, ఎట్టకేలకు ఒకటి కొన్నాకే లోపలికొచ్చి పరుపు చివర కూర్చుంది.

"బూడిద రంగుది చూపెట్టు."

నేను చూపించలేదు. ఆ పచ్చదే కట్టుకున్నాను. కొంగు సర్దుకుని, నడుము తిప్పుకుంటూ ఆమె ముందు నడిచాను. "ఎట్లున్ననే?" అని అడిగాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీకు సిగ్గు లేదురా! నాకంటె నీకే మంచిగున్నది" అంది. నాన్న పోయాక అదే మొదటి నవ్వు. ఆ పచ్చ చీరే ఇంటికి తీసుకెళ్లింది.

ఇక చెప్పేస్తాను. ఆ నవ్వు నేను కల్పించింది. పచ్చ చీర ఇంటికి వెళ్లిందన్నదీ అంతే. మిగతాదంతా నిజం. అమ్మ లేచి వచ్చి, నా భుజం మీంచి చీర తనే తీసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టింది.

"మంచిగ చూపెట్టినవ్ బిడ్డా. ఇగ బూడిదది తియ్యి."

తీశాను.