జాజు మరకల గొంగడి

నా చిన్నప్పుడు సూర్యాపేటలో మేమున్న వీధి చివర ఒక గ్రంథాలయం ఉండేది. గ్రంథాలయం అనగానే ఇప్పటి పిల్లలు ఏదేదో ఊహించుకుంటారు. బట్టల దుకాణం వెనక ఒక పొడుగాటి గది, గోడకు బీరువాలు, కింద చాపలు, అంతే. అన్నీ ఉర్దూలోనే నడిచే ఆ రోజుల్లో నలుగురు కూర్చుని తెలుగు పుస్తకాలు చదువుకోవడమే పెద్ద సంగతి. నాకు అప్పటికి అక్షరమ్ముక్క రాదు. నేను పోయేది కిటికీ పక్కనున్న బల్ల కోసం.

ఆ బల్ల మీద గ్రంథాలయం నడిపే పంతులుగారు నెలకో రకం వస్తువులు పెట్టేవారు. ఒక నెల సోల, తవ్వ, మానిక లాంటి కొలపాత్రలు. ఒక నెల ఎడ్ల మెడగంటలు. ఇంకో నెల పాతకాలపు తాళాలు. అన్నీ ఇళ్లలో అడిగి తెచ్చినవే. నెల తిరగగానే ఎవరివి వాళ్లకు చేరిపోయేవి. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం ఒకటుండేది. వస్తువు ఇచ్చినవాళ్లు ఆ నెల మొదటి అంగడి రోజున, అంటే ఊళ్లో సంత జరిగే నాడు, దాని పక్కనే కూర్చుని, దాని సంగతి తమ నోటితోనే చెప్పాలి. మాటలు రావని మొండికేసినవాళ్లను కూడా ఆయన వదిలేవారు కాదు.

మాది పేట కాదు. పెన్‌పహాడ్ అవతల చిన్న పల్లె. గొర్రెల మందే మా బతుకు. రజాకార్ల గొడవలు ముదిరినప్పుడు ఊరు విడిచి వచ్చి పేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. అమ్మానాన్నలు, నాయనమ్మ, నేను వచ్చాం. మా తాత రాలేదు. ఊరు కదిలిన రోజు పొద్దున్నే, చెదిరిపోయిన మందను తోలుకొస్తానని, చలికి వణుకుతున్న నా మీద తన గొంగడి కప్పి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే. మిర్యాలగూడ దిక్కు పోతుంటే చూశామని ఒకరన్నారు, కోదాడ అంగడిలో కనిపించాడని ఇంకొకరన్నారు. మా నాన్న తిరగని ఊరు లేదు.

ఆ గొంగడి మా నాయనమ్మ తలాపున ఉండేది. గొర్రెలకు జాజుతో, అంటే ఎర్రమన్ను రంగుతో, గుర్తులు పెట్టాక మా తాత దాని అంచుకే చేతులు తుడుచుకునేవాడు. ఆ ఎర్రటి మరకల్లో ఆయన వేళ్ల జాడలు తెలిసేవి. పొద్దుగూకే వేళ నాయనమ్మ గొంగడిని ముఖానికి ఆనించుకుని వాసన చూసేది. మంద వాసన, చుట్ట వాసన, తడిసి ఆరిన ఉన్ని వాసన, అన్నీ అందులోనే ఉండేవి. మళ్లీ మడిచి పెట్టేది. నన్ను ముట్టనిచ్చేది కాదు. నా మీద కప్పింది నాది కాదా అని నాకు మహా ఉక్రోషంగా ఉండేది.

మా పక్కింటి అక్క పంతులుగారి బల్ల సర్దే పని చూసేది. బంగారం లాంటి పిల్ల. మేం కొత్తగా దిగినప్పుడు పొయ్యిలోకి నిప్పు దగ్గర్నుంచి అన్నీ ఆమే తెచ్చిచ్చింది. నాకు అఆలు దిద్దించిందీ ఆమే. ఆ నెల బల్ల మీద ఉన్ని సామాను పెట్టాలనుకున్నారు. మీ గొంగడి ఇస్తారా అని అక్క వచ్చి అడిగింది. నాయనమ్మ ఇవ్వనంది. అంగడి రోజున చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వస్తారని, అవ్వ చెప్పేది అందరూ వింటారని అక్క నచ్చజెప్పింది. ఆ మాటతో నాయనమ్మ మెత్తబడింది. అంతమందిలో మా తాతను చూసినవాళ్లు ఒక్కరైనా ఉండకపోతారా అన్నది ఆమె ఆశ. గొంగడిని తన చేతులతోనే అక్క చేతుల్లో పెట్టింది.

ఇక మా అక్క చేసిన పని చెప్పాలి. మన ఇళ్లలో ఏ వస్తువైనా నలుగురి ముందుకు పోతోందంటే, తోమో ఉతికో పంపాల్సిందే కదా. అంతకుముందు ఎడ్ల గంటలను చింతపండుతో తోమి తళతళలాడించి అందరి మెప్పూ పొందింది. గొంగడికీ ఆ మర్యాదే చేసింది. వేడినీళ్లలో నానబెట్టి, కుంకుడుకాయలు కొట్టి, చేతులు పుండ్లయ్యేలా రుద్ది డాబా మీద ఆరేసింది. గొర్రెల కాపరులు గొంగడిని అట్లా ఉతకరు. వానకు తడవకుండా చింతగింజల గంజి పట్టించి వాడుకుంటారు. పేటలో పుట్టిన పిల్లకు అదేం తెలుసు పాపం!

అంగడి రోజున నాయనమ్మ ఉన్నంతలో మంచి చీర కట్టుకుని, నన్ను చంకనేసుకున్నంత పని చేసి లాక్కుపోయింది. బల్ల మీద గొంగడి మెత్తగా, కురచగా, కొత్త పెళ్లికొడుకు లాగా కూర్చుని ఉంది. జనం అప్పటికే మూగారు. నాయనమ్మ అంచు పట్టుకుని వెతికింది. తిప్పి వెతికింది. తర్వాత ముఖానికి ఆనించుకుంది. ఆమె ముఖం చూసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అక్క ఎదురుగా నిలబడి, మెప్పు కోసం చూస్తోంది. చేతివేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది.

"మంచిగయిందా అవ్వా? ఎర్ర మరకలు ఎంతకీ పోలే. ఆఖరికి పోయినయ్."

నేను నోరు తెరిచాను. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"మంచిగ ఉతికినవ్ బిడ్డా. మా ముసలాయన సూస్తే ఇది నాది కాదంటడు."

అందరూ నవ్వారు. అక్క ముఖం వెలిగిపోయింది. నాయనమ్మ బల్ల పక్కన కూర్చుని, ఉన్ని కత్తిరించడం, వడకడం, నేయించడం అన్నీ చెప్పింది. చివర మా తాత పేరు, ఊరు, పోలికలు చెప్పి ఎవరైనా చూశారా అని అడిగింది. ఎవరూ చూడలేదు. ఆ పూటంతా వచ్చిన ప్రతి మనిషినీ అడుగుతూనే ఉంది.

ఇంటికి వస్తూ నేను అక్కను తిట్టిపోశాను. ఆమెకు చెప్పాల్సిందే అని కాళ్లు నేలకేసి కొట్టాను. నాయనమ్మ నడక ఆపింది.

"పోయింది ఎట్లాగూ పోయింది. ఆ పిల్ల మన మీద పావురంతోటే, ప్రేమతోటే చేసింది. చెప్తే బతికినన్ని దినాలు కుమిలి చస్తది. ఎన్నడూ చెప్పనని నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాను. నెల తిరిగాక గొంగడి ఇంటికి వచ్చింది. నాయనమ్మ దాన్ని తలాపున పెట్టుకోలేదు, ముఖానికి ఆనించుకోలేదు. ఆ ఏడు వానలకు, ఇగ నువ్వే కప్పుకో అని నా మీద వేసింది. గంజి పోయిన గొంగడి కదా, నీళ్లన్నీ లోపలికి దిగాయి. అది నాదైనందుకు నాకు రవ్వంత సంతోషం కూడా కలగలేదు. మా తాత రాలేదు. కొన్నేళ్లకు నాయనమ్మా పోయింది.

అక్కను కోదాడ ఇచ్చారు. పెద్దవాళ్లమయ్యాక ఒకసారి చూడబోతే, మనవరాలిని పిలిచి నన్ను చూపించి గొప్పగా చెప్పుకుంది. వీళ్ల నాయనమ్మ గొంగడి ఉతికింది నేనే, ఒక్క మరక మిగల్లేదు, అవ్వ ఎంత మెచ్చుకుందో అని. "ఏం పిల్లా, నిజమేనా కాదా?" అని నా వైపు తిరిగింది. మంచిగ ఉతికినవక్కా అన్నాను. ఆ రోజు అంతమంది ముందు నాయనమ్మ ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో నాకు అప్పుడు తెలిసింది.

పోయినేడు అక్క కూడా కాలం చేసింది. ఇక దాచాల్సిన మనిషి లేదు. ఆ గ్రంథాలయం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ బల్ల పక్కన కూర్చుని చెప్పే వంతు నాకెప్పుడూ రాలేదు. అందుకని ఇలా రాసి చెబుతున్నాను. మా తాత గొంగడికి కుడి అంచున జాజు మరకలుండేవి. నాలుగు వేళ్ల జాడలు ఒకచోట, బొటనవేలు జాడ కాస్త ఎడంగా ఉండేది.