కంప్యూటర్ చూపిన మా చెల్లెలి వీధి

"వానలు పడకుంటే మా ఊరు ఏమైతాదో కంప్యూటర్‌లో చూపిస్తారంట. నువ్వూ రా అక్కా" అని చెల్లెలు మార్తమ్మ ఫోన్ చేయడంతో బయల్దేరాను. ఉదయం ఆరింటికి కర్నూలులో బస్సు ఎక్కితే నంద్యాల, మైదుకూరు మీదుగా కడప చేరేసరికి పదకొండు దాటింది. అక్కడి నుంచి కమలాపురానికి ఇంకో బస్సు, ఆపైన మనిషికి ముప్పై రూపాయల షేర్ ఆటో. ఎందుకు వచ్చానో విని ఆటో అతను నవ్వాడు. "మా బోరు ఏ కంప్యూటరూ చూడకుండానే ఎండిపాయ గదమ్మా."

మార్తమ్మ బోరూ ఎండిపోయి చాలా కాలమైంది. పక్కింటి ఓబుళమ్మ తన బోరు నీళ్లు ఆ వీధికంతా ఇస్తుంది. అవి లేకపోతే మార్తమ్మ కుటుంబం బెంగళూరుకు కూలికి పోవాల్సిందే. అంతకుముందు ఈ కంప్యూటర్ లెక్క కోసమే కాలేజీ వాళ్లు ఇంటింటికీ వచ్చి నీళ్లెక్కడివని అడిగినప్పుడు, ఓబుళమ్మకు మంచి పేరు రావాలని మార్తమ్మ ఆమె పేరే చెప్పింది. వీధిలోని ఆడవాళ్లంతా అలాగే చెప్పారు.

మధ్యాహ్నం బడిలో తెర కట్టారు. ఒక్కో ఇల్లు ఒక్కో చుక్క, ఆ ఇంటికి నీళ్లెక్కడివో చూపేది గీత. ఆ వీధి గీతలన్నీ ఓబుళమ్మ చుక్కకే చేరాయి. తెర మీద వాన లేని ఏళ్లు గడిచాయి. వీధి భారమంతా మీద పడి మొదట ఆమె చుక్క ఆరిపోయింది, తర్వాత వీధంతా ఆరిపోయింది. ఆరిపోయినవి వలసపోయిన ఇళ్లట. ఇలా జరగవచ్చని మాత్రమే, జరిగి తీరుతుందని కాదని చూపించే అమ్మాయి మెల్లగా చెప్పింది. అప్పటికే అందరూ ఓబుళమ్మ వైపు తిరిగారు. ఆమె మాత్రం తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

సాయంత్రం చెల్లెలితో బిందె పట్టుకుని నేనూ వెళ్లాను. ఓబుళమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"ఈ పొద్దుకు పట్టుకో మార్తమ్మా. రేపట్నుంచి యాడన్నా చూసుకో. మా పిల్లోళ్లూ ఈడనే బతకాల గదా."

"నీ గురించి మంచే చెప్పినా వదినా."

"అందరూ మంచే చెప్పినారు మే."

చెల్లెలు సగం బిందే పట్టింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ప్రార్థనకు కళ్లు మూసుకున్నాను. వాన కోసం అడగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఈసారి ఏమి అడగాలో తెలియలేదు. కంప్యూటర్‌ను గానీ, ఓబుళమ్మను గానీ తప్పు పట్టలేను. ఎన్నో ఏళ్లకు జరగవచ్చని తెర చూపించినది ఆ సాయంత్రమే మొదలైంది. ఇప్పుడు మార్తమ్మ బెంగళూరులో గది వెతుకుతోంది.

ఎండాకాలంలో అటువైపు వెళ్లేవారు కమలాపురంలోనే తాగే నీళ్లు కొనుక్కుని వెళ్లండి. ఇళ్లలో అడగకండి. దాహమని వచ్చినవాళ్లకు లేదని చెప్పడం వాళ్లకింకా రాదు.