పాపలో కొత్తగా వచ్చిన మార్పు

మా పాప పుట్టినప్పుడే చేతులూ కాళ్లూ పొట్టిగా ఉన్నాయి. ఎముకలు అందరిలా పొడవు పెరగవనీ, తెలివికి మాత్రం ఏ లోటూ ఉండదనీ విజయవాడ ఆసుపత్రిలో చెప్పారు. మా అత్తగారు కంకిపాడు నుంచి వచ్చి, పాపను ఒళ్లో పెట్టుకుని, "మీ పుట్టింటివైపు ఇలాంటివాళ్లు ఎవరన్నా ఉన్నారామ్మా?" అని అడిగారు. లేరన్నాను. తరవాత వచ్చిన చుట్టాలందరూ నన్ను అదే అడిగారు. మా ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను మా అమ్మకి ఫోన్ చేసి, ఎప్పుడో పోయిన మేనత్తలు ఎంత ఎత్తుండేవాళ్లో కూడా కనుక్కున్నాను.

పాపకి ఏడాది నిండకముందే జన్యు పరీక్షలు చేసే డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ముగ్గురికీ రక్తం తీశారు. ఫలితాలు వచ్చాక ఆవిడ మమ్మల్ని పిలిచి, "ఈ మార్పు మీ ఇద్దరిలోనూ లేదండీ. పాపలోనే కొత్తగా వచ్చింది" అన్నారు.

"కడుపుతో ఉన్నప్పుడు నేనేమన్నా తినకూడనిది తిన్నానా?"

"లేదమ్మా. ఆడవాళ్లకి అండాలు వాళ్లు పుట్టకముందే తయారై ఉంటాయి. మగవాళ్లలో వీర్యకణాలు జీవితాంతం తయారవుతూనే ఉంటాయి. ప్రతిసారీ జన్యువులన్నీ కాపీ అవ్వాలి. అందులో ఎక్కడో చిన్న తేడా పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ తేడాలు పెరుగుతాయి. పాపకొచ్చిన ఈ మార్పు కొత్తగా వస్తే, దాదాపు ఎప్పుడూ తండ్రి నుంచే."

పెళ్లినాటికే మా ఆయనకి నలభై దాటాయి. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఆయనది. ఆయన డాక్టరుగారితో, "మనుషుల్లోనేనా అండీ ఇది?" అన్నారు.

"కోతుల్లో, ఎలుకల్లో, పక్షుల్లో కూడానండీ. ఒక్కో జాతిలో ఒక్కో వేగం. ఆడా మగా తేడా కూడా కొన్నిట్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. ఇందులో ఎవరి తప్పూ లేదు. అసలు మార్పులే రాకపోతే ఇన్ని రకాల ప్రాణులు ఉండేవా?"

ఆ ఆదివారం కంకిపాడు వెళ్లాం. హాల్లో చుట్టాలు ఉండగానే ఆయన, "అమ్మా, పాపకొచ్చింది నా నుంచే. ఇంక నీ కోడల్ని ఎవరూ ఏమీ అడగొద్దు" అన్నారు.

"మగాడి నుంచి ఎలా వస్తుందిరా?" అన్నారు అత్తగారు.

డాక్టరుగారు చెప్పిందంతా ఆయన విసుక్కోకుండా మొదట్నుంచీ చెప్పారు. ఆవిడ నమ్మారో లేదో తెలియదు. లేచి వచ్చి నా చేతుల్లోంచి పాపను తీసుకుని, "నువ్వెళ్లి తినమ్మా, నేను చూస్తాను" అన్నారు. పాప పుట్టాక ఆ ఇంట్లో నేను వేడన్నం తిన్నది ఆ రోజే.

ఇప్పుడు పాప రెండో తరగతి. వాళ్ల నాన్న తెలిసిన వెల్డరు చేత చిన్న సైకిలుకి సీటు దింపించి, కాళ్లు అందేలా పెడళ్లు ఎత్తు చేయించారు. మొన్న కాలవగట్టు మీద ఆయన వెనక పట్టుకుని నడుస్తుంటే, "వదిలెయ్ నాన్నా!" అని అరిచింది. వదిలేశారు. ఎదురుగా గేదెలు వచ్చాయి. పాప ఆగకుండా బెల్లు కొట్టింది. అవి పక్కకి తప్పుకున్నాయి.