ముత్తక్క కట్టుడు పళ్ళు, కండక్టరు డ్యూటీ

సారపాక కాగితం మిల్లులో షిఫ్టు మారినప్పుడు సైరను మోగుతుంది. అడవి అంచున ఉన్న ఇప్పలగుంపు గూడెంలో ముత్తక్క ఒకనాడు గట్టిగా ఈల వేస్తే, అదే సైరను అనుకుని సగం మంది కార్మికులు క్యారేజీలు పట్టుకుని గేటు దాకా వచ్చేశారట. ఇది అబద్ధం అనేవాళ్ళు ఆ ఈల వినని వాళ్ళు.

ఆ ఈల ఒక పన్ను చలవ. ఉన్న పన్ను కాదు, లేని పన్ను. పెళ్ళయిన కొత్తలో తునికాకు తెంపబోయి రాతి మీద బోర్లా పడినప్పుడు ముత్తక్కకి పైవరసలో ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. నెత్తురు ఉమ్మి, కాసేపు ఏడ్చి, ఏడుపు ఆపుకోవడానికి గట్టిగా ఊపిరి వదిలితే ఆ సందులోంచి కూత వచ్చింది. పక్క గుట్ట మీద మేస్తున్న మేకలు తలలెత్తి చూశాయి. అప్పటి నుంచి ఆమె మేకల వెంట కర్ర పట్టుకుని పోలేదు. పొట్టి ఈల వేస్తే పరాయి చేలో దూరబోయిన మంద వెనక్కి మళ్ళేది. పొడుగు ఈల వేస్తే ఎక్కడున్నా ఆమె దగ్గరికి చేరి ఇంటి దారి పట్టేది. మందకి పెద్ద ఒక నల్ల మేకపోతు. మిగతావన్నీ కొట్టంలోకి ఎక్కాక, ఒకసారి వెనక్కి చూసి, తను చివర ఎక్కుతుంది. అందుకే దాని పేరు కండక్టరు.

ఈలకి లోటు రాలేదు కానీ తిండికి వచ్చింది. వయసు మీద పడేకొద్దీ దవడ పళ్ళు ఒక్కొక్కటే సెలవు పుచ్చుకున్నాయి. అంబలి, మెత్తటి అన్నం, పులుసు, అంతే ఆమె భోగం. ఏటా కొత్తల పండగకి కొత్త ధాన్యం దేవరకి పెట్టాక, మాంసం ఆకుల్లో కుప్పలు పోసి మనిషికొకటి పంచుతారు. ముత్తక్క కుప్ప ఆమె ముందు నిలిచేది కాదు. పెనిమిటి జంపయ్య చెయ్యి చాచేవాడు.

“నీకు బొక్కలెందుకే? పులుసు తాగు. నీ నోట్లో ఇప్పుడు మాటలే మిగిలినయ్.”

“నాకు మాటలన్నా ఉన్నయ్. నీకు పండ్లున్నయ్ గని సిగ్గులేదు.”

జంపయ్య నవ్వి ఎముక కొరికేవాడు. మిల్లుకి జామాయిల్ దుంగలు ఎత్తిన మనిషి, దవడ కూడా దుంగలాగే ఉంటుంది. ఆ కటకట వింటూ ముత్తక్క పులుసు తాగేది. ఒక్క పండక్కయినా తన ముక్క తనే కొరకాలి, జంపయ్య చూస్తుండగా కొరకాలి. ఆమెకి వేరే కోరికలు లేవని కాదు. ఏదైనా దీని తర్వాతే.

ఈ ఏడు తొలకరి పడ్డాక ఆశా కార్యకర్త సంగీత స్కూటీ మీద వచ్చి కబురు చెప్పింది.

“పెద్దమ్మా, భద్రాచలంలో పండ్లు కడతరంట. పైసా తీసుకోరు. పరిశోధన అంట.”

“పరిశోధన అంటే ఏంది?”

“మనం నమలాలె, వాళ్ళు చూడాలె.”

“గట్లయితే మా ముసలోణ్ణి తీస్కపో. వాడు తెల్లారి లేస్తే నమలుడే పని.”

“పండ్లు లేనోళ్ళే కావాలంట.”

భద్రాచలంలో ఆ పరిశోధన చేసేవాళ్ళు ముగ్గురు. పళ్ళు కట్టేది డాక్టర్ కళ్యాణి. ఆ పళ్ళతో బాగా నమిలితే ముసలివాళ్ళ ఒంట్లో రక్తమూ బలమూ ఎంత పెరుగుతాయో చూసేది పెద్ద డాక్టరు వెంకటేశ్వరరావు. పళ్ళ ప్లేటులో అలసంద గింజంత మిషన్ ఒకటి పెట్టింది ఇంజినీరు అనిల్‌కుమార్. అది నోట్లో వెచ్చదనాన్ని, దవడ కదలికని గుర్తు పెట్టుకుంటుంది. సంత రోజున సంగీత వచ్చి ఫోను బుగ్గ దగ్గర పెడితే ఆ లెక్కంతా ఫోనులోకి దూకుతుంది.

కళ్యాణి నియమాలు విడమరిచి చెప్పింది. రాత్రి పడుకునేటప్పుడు పళ్ళు తీసి నీళ్ళలో వేయాలి. పగలంతా నోట్లోనే ఉంచాలి. కొత్తల పండగ దాటేదాకా ఇలా చేస్తే, ఆ తర్వాత పళ్ళు వాళ్ళవే. మధ్యలో తీసి పక్కన పెట్టేవాళ్ళు పరిశోధనలోంచి పోతారు, పళ్ళు వాపసు ఇవ్వాలి.

“తీస్తే మీకెట్ల తెలుస్తది మేడం?” అని అడిగింది ముత్తక్క.

“చల్లబడితే మిషన్ చెప్పేస్తుందమ్మా.”

ముత్తక్క ఆ మాట బుర్రలో పెట్టుకుని వేలిముద్ర వేసింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ముందు పన్ను తళతళలాడింది. జంపయ్య చుట్టూ తిరిగి చూసి, “ఎవరమ్మా నువ్వు, మా ముసలిదాన్ని ఎక్కడ పెట్టినవ్?” అన్నాడు. ముత్తక్క కాల్చిన మక్కకంకి ఒకటి తీసుకుని, గింజ మిగలకుండా, అతని ఎదురుగా కూర్చుని తిన్నది.

మర్నాడు మేకల్ని తోలుకుని అడవి దారి పట్టింది. మంద పత్తి చేను వైపు మళ్ళింది. ముత్తక్క పొట్టి ఈల వేసింది. సందు మూతపడింది కదా, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ‘ఫుస్’ మంది. మేకలు చెవి కూడా కదపలేదు. కండక్టరు ఒక్కటే ఆగి, ఈ మనిషికి ఏమైంది అన్నట్టు చూసి, అదీ చేలోకి దిగింది. చేను యజమాని తిట్టిన తిట్లకి చెట్టు మీద ఉడుతలు సిగ్గుపడ్డాయి.

ఇంక చేసేదేముంది? పళ్ళు తీసి రొండిన సంచిలో దోపుకుంది, ఈల వేసింది, మేకలు వచ్చాయి. సంత రోజున సంగీత ఫోను చూసి మొహం చిట్లించింది.

“పెద్దమ్మా, పగలంతా చల్లగున్నయ్ అంటుంది. పండ్లు తీస్తున్నవా?”

“చల్లటి నీళ్ళు ఎక్కువ తాగిన బిడ్డా.”

ఆ వారం పళ్ళు గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. వెచ్చదనం కుదిరింది. మళ్ళీ సంత నాడు సంగీత ఇంకోలా తల ఊపింది.

“వెచ్చగనే ఉన్నయ్ గని పొద్దంతా ఒక్క బుక్క నమల్లేదంట. పెద్ద సారు అడుగుతుండు, ఉపాసం ఉంటున్నవా అని. గిట్లనే ఉంటే పండ్లు తీస్కపోతరు పెద్దమ్మా. మూడోసారి నేను సర్ది చెప్పలేను.”

పండగ ఇంకా దూరం. ముత్తక్క మేకల వెంట అడవికి పోయింది. చెట్టు కింద కూర్చుని లెక్క వేసుకుంది. పళ్ళు వెచ్చగా ఉండాలి, నములుతూ ఉండాలి, తన నోట్లో మాత్రం ఉండకూడదు. ఎదురుగా కండక్టరు కాళ్ళు మడిచి పడుకుని, కళ్ళు అరమోడ్చి, దవడ ఆడిస్తూ నెమరు వేస్తోంది. గడ్డం కింద మెత్తటి బొచ్చు. చెయ్యి పెట్టి చూస్తే పొయ్యి పక్క కూర్చున్నంత వెచ్చగా ఉంది.

ఆ రోజు నుంచి ముత్తక్క పళ్ళు చిన్న తోలుసంచిలో కండక్టరు గొంతుకు, దవడకి ఆనుకుని వేలాడాయి. సాయంత్రం విప్పి, వేడినీళ్ళతో ఉప్పేసి తోమి, అన్నం వేళకి తన నోట్లో పెట్టుకునేది. అలిసిపోయిన రోజున విప్పడమే మరిచిపోయేది. మిల్లులో కాంట్రాక్టు కూలీలకి ఉన్నట్టే కండక్టరుకీ డబల్ డ్యూటీ పడేది.

సంత రోజున సంగీత ఫోను చూసి, “అబ్బ, మస్తు నములుతున్నవ్ పెద్దమ్మా,” అని మెచ్చుకుని పోయింది.

భద్రాచలంలో మాత్రం ఆ లెక్క చూసిన ముగ్గురికీ మతిపోయింది. ఇప్పలగుంపు ముసలమ్మ నలుగురు మనుషులు నమిలేంత ఒక్కతే నములుతోంది. కొన్ని రోజులు రాత్రి కూడా ఆపడం లేదు. పళ్ళు కొరికే జబ్బు, నా కేసు అంది కళ్యాణి. నరాలకి సంబంధించింది, నా కేసు అన్నాడు వెంకటేశ్వరరావు. అనిల్‌కుమార్ ఫోనులో ఆ లెక్క గీతలు తిప్పి తిప్పి చూసి, “మనుషులు పైకీ కిందికీ నములుతారు కదండీ. ఈమె పక్కలకి నములుతోంది,” అన్నాడు. ముగ్గురూ కలిసి జీపెక్కారు. దారి చూపడానికి సంగీత ముందు కూర్చుంది.

పండగకి వారం ఉందనగా, జీపు ఇప్పలగుంపులో ఆగింది. అది అన్నం వేళ కాబట్టి పళ్ళు ముత్తక్క నోట్లోనే ఉన్నాయి, అదృష్టం. జంపయ్య నులక మంచం వాల్చాడు. వెంకటేశ్వరరావు ఆమె నాడి చూసి, కళ్ళల్లో లైటు వేసి, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు.

“రాత్రిళ్ళు నిద్ర పడుతుందా అమ్మా?”

“మొద్దులాగ పండుకుంట సారూ.”

“మొద్దు కాదు సారూ, మిల్లు లారీ,” అన్నాడు జంపయ్య. “ఆ గురకకి నేనే బయట పంటున్న.”

“తల స్కాన్ తీద్దాం. ఖమ్మం తీసుకుపోవాలి,” అన్నాడు వెంకటేశ్వరరావు.

స్కానుకి ముత్తక్క భయపడలేదు. మిల్లు బస్సు చూసినట్టు అదీ చూసొస్తుంది. కానీ ఇంతలో కళ్యాణే దగ్గరకి వచ్చి ముత్తక్క రెండు చేతులూ పట్టుకుంది. కళ్యాణి కళ్ళు మెరుస్తున్నాయి.

“జబ్బు లేకపోతే మాత్రం అమ్మా, మీరు మా పరిశోధనకే బంగారం. మీ నమలడం చూశాక పళ్ళ అచ్చు మార్చాలనుకుంటున్నాం. పక్కలకి నమిలేలా, బల్లపరుపుగా. జూలూరుపాడు నుంచి ఈ అడవి చివరి దాకా పళ్ళు లేని పెద్దవాళ్ళందరికీ మీ కొలతే.”

ముత్తక్కకి కళ్ళ ముందు సంతలో కనిపించే ముసలివాళ్ళంతా వరసగా నిలబడ్డారు. అందరికీ మేక దవడలు. తన ముక్క కోసం తను ఆడిన ఆటకి ఎవరో అన్నం ముందు కూర్చుని నోరు నొప్పితో లేచిపోతారు. నోరు విప్పితే ఈ పళ్ళు జీపెక్కుతాయి. వారంలో పండగ. మళ్ళీ పులుసే.

నాలుకతో ముందు పన్నుని ఒకసారి తడిమింది.

“మేడం, గది నా నమలుడు కాదు,” అంది.

“మరి ఎవరిది?”

ముత్తక్క కొట్టం వైపు గడ్డం ఎత్తింది. కండక్టరు తలుపులో నిలబడి, ఖాళీ తోలుసంచి మెడలో ఆడుతుండగా, తీరిగ్గా పక్కలకి నెమరు వేస్తోంది.

అనిల్‌కుమార్ మేకని చూసి, ఫోనులో గీతలు చూసి, మళ్ళీ మేకని చూసి మంచం మీద కూలబడ్డాడు.

“నేను మేకకి స్కాన్ రాశాను,” అన్నాడు వెంకటేశ్వరరావు. నవ్వు ముందు ఆయనకే వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి, దగ్గు వచ్చి, సంగీత మంచినీళ్ళు ఇస్తే గానీ ఆగలేదు.

కళ్యాణి నవ్వలేదు. ఇన్ని నెలల పని. “ఎందుకు చేశారమ్మా?” అని మెల్లగా అడిగింది. ముత్తక్క ఈల సంగతి, పత్తి చేను సంగతి, పండగ ముక్క సంగతి దాచకుండా చెప్పింది. అంతా విన్నాక కళ్యాణి, “మీ లెక్క తీసెయ్యాలి. పళ్ళు కూడా తీసుకుపోవాలి. మిషన్ అందులోనే ఉంది,” అంది.

ముత్తక్క లోపలికి పోయి, పళ్ళు శుభ్రంగా తోమి, ఆకులో పెట్టి తెచ్చి ఇచ్చింది. ఖాళీ నోటితో నిలబడింది.

కళ్యాణి వెళ్ళబోతూ ఆగింది. “ఏదీ, ఆ ఈల ఒకసారి వేయండి.”

ముత్తక్క వేసింది. జీపు డ్రైవరు ఉలిక్కిపడి హారన్ మీద పడ్డాడు. అనిల్‌కుమార్ ఫోనులో పట్టుకున్నాడు. వెంకటేశ్వరరావు స్టెతస్కోపు వీపు మీద పెట్టి రెండోసారి వేయించి, చెవులు రుద్దుకుంటూ, “ఈ ఊపిరితిత్తులు నాకుంటే నేను గోదావరి ఈదేవాణ్ణి,” అన్నాడు. కళ్యాణి టార్చి వేసి ఆమె నోట్లోకి చూసింది. ముందు సందులో వేలు పెట్టి కొలిచింది. ఆ కొలత కాగితం మీద రాసుకుని జీపెక్కింది.

ఆ వారమంతా జంపయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది.

పండగ రోజు వచ్చింది. డోలు మోగింది, కొత్త అన్నం ఉడికింది, మాంసం ఆకుల్లో కుప్పలయింది. ముత్తక్క తన ఆకు ముందు పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుంటుండగా సంగీత స్కూటీ దుమ్ము లేపుకుంటూ వచ్చింది. చేతిలో చిన్న డబ్బా.

“మేడం పంపింది. నీ నోటి అచ్చు వాళ్ళ దగ్గరున్నది కదా, దాంతోనే చేసిండ్రంట. మిషన్ లేదు. ఇగ నీవే.”

ముత్తక్క మూత తీసింది. రెండు వైపులా దవడ పళ్ళు వరసగా ఉన్నాయి. ముందు పన్ను లేదు. ఆ చోట అంచు నున్నగా చెక్కి సందు వదిలేశారు.

“ముందుది మరిచిండ్రా?” అన్నాడు జంపయ్య, తొంగి చూసి.

“మరవలేదు,” అంది ముత్తక్క. అద్దంలో తళతళలాడిన పన్ను ఒక్క క్షణం గుర్తొచ్చింది. పళ్ళు నోట్లో పెట్టుకుని, దవడ రెండుసార్లు ఆడించి, కుప్పలోంచి పెద్ద ఎముక ముక్క ఎంచుకుంది. మొదటి కొరుకు చప్పుడుకి పక్క వరసలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆమె కళ్ళు మూసుకుని మూలుగ పీల్చింది.

జంపయ్యకి ఇన్నేళ్ళ అలవాటు. మాట్లాడుతూనే, చూడకుండానే, ఆమె ఆకులోకి చెయ్యి చాచాడు.

నోటినిండా మాంసం ఉంటే తిట్టడం ఎలా? ముత్తక్క ముక్క బుగ్గన పెట్టి పొడుగు ఈల వేసింది.

కొట్టం తడిక ఊడి పడింది. మందంతా పంక్తి మీదకి వచ్చేసింది, కొత్త అన్నం మీద నుంచి, డోలు వాయించేవాడి ఒళ్ళో నుంచి. జంపయ్య తన ఆకు కాపాడుకోవడానికి లేచేలోపే దాన్ని ఎవరో తినేశారు, మాంసం కాదు, ఆకుని. అందరి వెనకా కండక్టరు వచ్చింది. ఒకసారి వెనక్కి చూసింది. అన్నీ వచ్చాయని తేలాక, ముత్తక్క పక్కన నిలబడి తనూ నమలడం మొదలుపెట్టింది.