ఇంకొక్క చుట్టు

రూఫస్ సారును జీవితంలో ఎవరైనా మెచ్చుకున్నారంటే అది స్పీడు చూసే. రూపం అంతంత మాత్రం. పాట రాదు. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే రెండు ముక్కలకే దగ్గు తెరలు. టైపు మిషను ముందు కూర్చోబెడితే మాత్రం నిమిషానికి డెబ్భై మాటలు, ఒక్క తప్పు లేకుండా కొట్టేవాడు. నాంపల్లి స్టేషనుకు ఎదురు సందులో, మేడమీద, పద్నాలుగు మిషన్లతో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి ఇరవై రెండేళ్లు నడిపాడు. చేతిలో స్టాప్‌వాచీ, నోట్లో ఒకటే మాట: "స్పీడ్, స్పీడ్!" ఊళ్లో సగంమంది గుమాస్తాలు తన దగ్గరే టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యారని చెప్పుకునేవాడు. అందులో కొంత కోతలున్నాయి, పోనివ్వండి.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నేర్చుకునే పిల్లలంతా అమీర్‌పేట దారి పట్టారు. రెండువేల రెండులో హాలు యజమాని ఖాళీ చేసినందుకని కొంత పైకం చేతిలో పెట్టాడు. మిషన్లు పాత ఇనుప సామాను వాడికి పోయాయి. నలభై తొమ్మిదేళ్ల రూఫస్ స్టాప్‌వాచీ ఒక్కటి జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

బుద్ధున్నవాడైతే ఆ పైకం బ్యాంకులో వేస్తాడు. మన సారు కార్ల షోరూములోకి నడిచాడు. అక్కడ మిరపపండు రంగులో, పొట్టిగా, నేలకు కరుచుకుని ఒక కారు నిలబడి ఉంది. అమ్మే మనిషి ఇంద్రసేన నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"చూసేదానికి చిన్నది సార్. బానెట్ లేపి చూడున్రి, లోపల పెద్ద కారు ఇంజనుంది. సున్నా నుంచి వందకు పదకొండు సెకన్లు!"

సెకన్లన్న మాట చెవిన పడగానే రూఫస్ చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఖాళీ రోడ్డు మీద ఇంద్రసేన నడుపుతుంటే పక్కన కూర్చుని స్టాప్‌వాచీ నొక్కాడు. పదకొండున్నర. ఆ అర సెకను సంగతి అడగను కూడా అడగలేదు, సంతకం పెట్టేశాడు.

ఇంటికి తెచ్చాక భార్య మేబెల్ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మనం పొయ్యేది గుడికి, మార్కెట్‌కి. గింత స్పీడు బండి దేనికండీ మనకు?"

"అక్క కోసం" అనేశాడు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది ఎంత బాగా అతికిందంటే మేబెల్ కళ్లు చెమర్చాయి. చూస్తూ చూస్తూ రూఫస్‌కే అది నిజమనిపించింది.

అక్క జిప్పోరా అతనికంటే పదిహేడేళ్లు పెద్దది. మెదక్ వైపు మిషన్ దవాఖానాలో నర్సుగా చేసింది. తల్లిదండ్రులు పోయినప్పుడు రూఫస్‌కు తొమ్మిదేళ్లు. వాణ్ణి చూసుకోవాలని పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. టైపు పరీక్షకు ఫీజు కట్టిందీ ఆమే, పాసయితే దవాఖానా అంతా మిఠాయి పంచిందీ ఆమే. వార్డుల్లో నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు ఖైరతాబాద్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటుంది. తమ్ముడు తన ఇంటికి రమ్మంటే, "నా పొయ్యి నాకుండనియ్" అంటుంది. ఆదివారం ఆబిడ్స్‌లో చర్చి గుడికి మాత్రం బస్సెక్కి, స్టాపు నుంచి కుంటుకుంటూ వచ్చేది.

కారు కొన్న వారమే గుడి ముందు పాస్టరు అయ్యగారు కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. లోపల సాక్ష్యం చెప్పమన్నారు. జన్మలో మొదటిసారి రూఫస్‌కు దగ్గు రాలేదు.

"నన్ను సాకి సాకి మా అక్క మోకాళ్లు అరిగినయి. ఈ బండి ఆమె కోసమే ప్రభువిచ్చిండు. ఇగ ఏ ఆదివారం గూడ ఆమెను నేల మీద నడువనియ్య!"

గుడంతా ఆమెన్ అంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో తెల్లచీర కట్టుకున్న జిప్పోరా తల వంచుకుని కూర్చుంది. ఆ మెప్పు రూఫస్‌కు డెబ్భై మాటల కంటే రుచిగా ఉంది.

అక్కతో తిరగడం మాత్రం అంత రుచిగా లేదు. సీటు బాగా కిందికి ఉండేది. "గిదేంది తమ్మీ, బాయిల దిగినట్టుంది" అంటూ ఆమె ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకునేసరికి ఐదు నిమిషాలు. కూర్చున్నాక తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని "జర మెల్లగ తమ్మీ" అనేది. ముప్ఫై దాటితే కళ్లు మూసుకుని కీర్తన మొదలుపెట్టేది. పక్కనుంచి ఆటోలు దాటిపోతుంటే రూఫస్‌కు తల కొట్టేసినట్టుండేది. అందుకని ఆదివారం పొద్దున్నే, ఆమెను తేవడానికి ముందు, ఒక్కడే నెక్లెస్ రోడ్డుకు పోయేవాడు. అక్కడ మూడో గేరులో ఇంజను గొంతు మారే చోటు ఒకటుంది. అది వింటే చాలు, ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డ సంగతి మరిచిపోయేవాడు.

ఆగస్టు మొదటి ఆదివారం అక్క పుట్టినరోజు. "ఈ వారం జర జల్ది రా తమ్మీ, అరవై ఆరు నిండుతున్నయ్, ముందుకు పోయి కృతజ్ఞత చెప్పాలె" అని ముందే చెప్పింది. జల్దీగానే బయలుదేరాడు. రాత్రంతా వాన పడి రోడ్లు కడిగినట్టున్నాయి. నెక్లెస్ రోడ్డు మీద రెండు చుట్లు కొట్టి ఖైరతాబాద్ మెయిన్ రోడ్డెక్కాడు. ఎదురుగా రోడ్డు ఖాళీ. సిగ్నల్ పచ్చగా ఉంది. మూడో గేరు పడింది, ఇంజను గొంతు అప్పుడే మారింది.

బస్ స్టాపు ముందు, అతను సందులోకి వచ్చే శ్రమ తగ్గిద్దామని, అక్క నిలబడి ఉంది. చంకలో బైబిలు సంచి. ఎర్ర కారును చూసి ఒక అడుగు రోడ్డు మీదికి దిగి చెయ్యెత్తింది.

రూఫస్ చూశాడు. కాలు బ్రేకు మీదికి పోవాలి. పోలేదు. ఇంకొక్క చుట్టు, పది నిమిషాల్లో వచ్చి ఎక్కించుకుందాం, అనుకున్నాడు. కారు సర్రున దాటిపోయింది.

పది నిమిషాలు ఇరవై ఐదయ్యాయి. తిరిగొచ్చేసరికి స్టాపులో ఎవరూ లేరు. గది తాళం వేసి ఉంది. గబగబా కారు తిప్పుకుని ఆబిడ్స్ చేరాడు. గేటు దగ్గర గంట కొట్టే బిచ్చయ్య అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "అక్క ఇప్పుడే బస్సు దిగి నడుసుకుంట వచ్చింది సార్. కాలు మస్తు గుంజుతున్నట్టుంది" అన్నాడు.

లోపల అయ్యగారు పుట్టినరోజు వాళ్లను ముందుకు పిలుస్తున్నారు. జిప్పోరా లేచి నిలబడింది. తెల్లచీర అంచు నుంచి మోకాళ్ల దాకా బురద. వెనక వరసలో నిలబడ్డ రూఫస్‌కు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆ బురద బస్సుది కాదు. తన కారు చక్రం చల్లిన నీళ్లు.

"నాకు అరవై ఆరు నిండినయి" అంది అక్క. వెనక్కి చూసింది, తమ్ముణ్ణి చూసింది. "మా తమ్ముడు ఇచ్చిన మాట తప్పలే. ఇయ్యాల గూడ మెట్లకాడికి కార్ల తెచ్చి దింపిండు. దేవునికి స్తోత్రం."

ఆమెన్ అంది గుడి. కోయిర్‌లో పాడటానికి ముందే వచ్చిన మేబెల్ అక్కణ్నుంచి గర్వంగా భర్త వైపు చూసింది. నలుగురూ వెనక్కి తిరిగి నవ్వారు. తేలు కుట్టిన దొంగలా రూఫస్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ అతనికి సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతుంది.

మొదటి ఆదివారం కాబట్టి ప్రభు భోజనం ఉంది. అందరూ వరసగా పోయి బల్ల ముందు మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటున్నారు. జిప్పోరా లేవలేదు. మోకాళ్ల నొప్పేమోనని అయ్యగారు ఆమె దగ్గరికే తేబోతే వద్దని తల ఊపింది. అబద్ధమాడిన నోటితో ఆ రొట్టె ముట్టకూడదని చిన్నప్పుడు రూఫస్‌కు నేర్పిందే ఆమె. ఆమె ఎందుకు కూర్చుండిపోయిందో ఆ గుడిలో అతనొక్కడికే తెలుసు. తెలిసి కూడా, అందరూ చూస్తున్నారని లేచి వెళ్లి మోకరించాడు. తీసుకున్నాడు. మింగాడు కూడా.

మేబెల్‌ను ఇంటి దగ్గర దింపి, అక్కను తీసుకుని పోతూ పోతూ అడిగాడు. "ఎందుకట్ల చెప్పినవక్కా?"

"నీ కోసం కాదు తమ్మీ. ఆ పొద్దు నువ్వు చెప్తుంటే అందరు ఏడ్సిన్రు. నా తమ్ముడు గసోంటోడే అని నేను గూడ నమ్మిన. గది గూడ పోతే నాకేం మిగుల్తది?"

నన్ను చూశావా అని ఆమె అడగలేదు. అడిగితే లేదని చెప్పేవాడే. అడగకపోవడంతో ఆ మాట చేప ముల్లులా అతని గొంతులోనే ఉండిపోయింది. తరువాతి ఆదివారాలన్నీ ఇరవై స్పీడులో ఆమెను తెచ్చాడు, తీసుకుపోయాడు. ఒక్కడే కారెక్కి ఎటూ పోలేదు. అయినా ముల్లు దిగలేదు.

సెప్టెంబరు మొదటి ఆదివారం మళ్లీ బల్ల సిద్ధమైంది. అక్క మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అయ్యగారు "సాక్ష్యాలు ఏమైనా ఉన్నాయా?" అనగానే రూఫస్ లేచాడు. దగ్గు తెరలు వచ్చాయి. నిమిషానికి డెబ్భై మాటలు కొట్టినవాడికి ఒక్క మాట పెగలలేదు. మేబెల్ కంగారుగా చూసింది.

"ఆ పొద్దు అక్కను నేను తేలే" అన్నాడు చివరికి. "నన్ను కాపాడనీకి ఆమె అట్ల చెప్పింది. ఆమె రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తింది. నేను చూసిన. చూసి గూడ ఆపలే. ఆమె చీర మీద బురద నా బండిదే."

గుడిలో ఎవరూ ఆమెన్ అనలేదు. మేబెల్ పాటల పుస్తకం మూసి తల దించుకుంది. వెనక తలుపు దగ్గర నుంచి బిచ్చయ్య ఒక్కడు మెల్లగా, "ఆమెన్" అన్నాడు.

జిప్పోరా లేచి నిలబడింది. రూఫస్ దగ్గరికి వచ్చి, అతని భుజం మీద బరువంతా వేసి, బల్ల వైపు తిరిగింది.

"జర మెల్లగ నడువు తమ్మీ" అంది.