శౌరయ్య మాస్టారి లైసోజోము

గుణదలలో ఉండే రిటైర్డు జంతుశాస్త్రం లెక్చరరు శౌరయ్య మాస్టారితో ఏం మాట్లాడినా చివరికి లైసోజోము దగ్గరికే చేరుతుంది. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వెళ్లినవాళ్లు కూడా ఏ మాత్రలు వాడుతున్నదీ చెప్పనిదే బయటపడలేరు.

నా జిరాక్సు షాపు పక్కనే జైతూన్ బీ కుట్టుమిషను. ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చిన మాస్టారు, మిషను మీదున్న మాత్రల అట్ట చూశారు.

"ఇవి ఎన్నాళ్లుగా మింగుతున్నావమ్మా?"

"ఏడేళ్లండీ. కీళ్లనొప్పులకి."

"ఏటేటా కళ్లు చూపించుకుంటున్నావా?"

"నొప్పి కీళ్లకైతే కళ్లెందుకండీ?"

మాస్టారు కుర్చీ లాక్కున్నారు. నేను షట్టరు దించుకుందామా అని ఆలోచించాను.

"కంటి వెనక తెరని కాపాడే కణాలుంటాయి. వాటిలో లైసోజోములని బుల్లి సంచులు. ఆ సంచుల్లో పులుపే చెత్తని కరిగిస్తుంది. ఈ మందు ఏళ్ల తరబడి వాటిలో పేరుకుంటే, కొందరిలో ఆ పులుపు విరిగిపోతుంది. చెత్త కరగదు, కణం చస్తుంది. పోయిన చూపు మళ్లీ రాదమ్మా."

"కాస్త చింతపండు పిండితే పోలా?"

"ఈ వారమే కళ్లు చూపించుకో," అన్నారు మాస్టారు.

"రంజాను కుట్టుపనుందండీ. పండగయ్యాక చూద్దాం లెండి."

మర్నాడు అదే ప్యాంటుతో వచ్చారు. "ఒక అంగుళం తగ్గించమ్మా." కుట్టినంతసేపూ లైసోజోము. ఆ మర్నాడు ఇంకో అంగుళం. రెండో వారానికి ప్యాంటు మోకాళ్లదాకా ఎగబాకింది. మాస్టారు దాన్నే తొడుక్కుని గంభీరంగా కూరల మార్కెట్టుకి వెళ్లేవారు.

చివరికి ఓ ఉదయం జైతూన్ బీ కత్తెర కింద పెట్టేసింది. "సూదికి దారం ఎక్కిస్తుంటే బెజ్జం మాయమైపోతోందండీ. పదండి ఆస్పత్రికి. ఇంకో అంగుళం తీస్తే మీ పరువుకి నా పూచీ లేదు."

నష్టం అప్పుడే మొదలైందన్నారు కంటి డాక్టరు. కీళ్ల డాక్టరుతో మాట్లాడి మందు మార్పించారు. ఉన్న చూపు చాలావరకు నిలబడుతుందన్నారు.

కంట్లో వేసిన చుక్కల వల్ల ఆ రోజంతా ఆవిడకి సూది కనపడలేదు. పండగేమో ఎల్లుండి. ఇరవై రెండు చొక్కాలకి ఇంకా బొత్తాలు కుట్టాలి. మాస్టారు కళ్లజోడు సవరించుకుని ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. సాయంత్రానికి అన్నీ కుట్టేశారు.

మర్నాడు జైతూన్ బీ ఆ బొత్తాలన్నీ విప్పి మళ్లీ కుట్టింది. కొన్ని లోపలివైపున్నాయి.

"ఆయనతో అనొద్దు," అని నా చేత ఒట్టేయించుకుంది. "పాపం, తొమ్మిది వేళ్లకి పొడుచుకున్నారు."

అంతలో మాస్టారే వచ్చారు, వేళ్లకి పట్టీలతో.

"బొత్తాలు ఎలా కుదిరాయమ్మా?"

"మీకెందుకండీ ఈ చదువులు? హాయిగా టైలరయ్యుంటే పోయేది."

మాస్టారు ఆ మాట నాకు ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు.