జరగమని చెప్పని రోజు

మా అన్న నన్ను కొబ్బరిమట్టతో కొట్టిన ఆఖరిసారికి నాకు మీసాలు వచ్చేశాయి, బి.ఎస్సీ. కూడా పాసయ్యాను. జర్మనీలో ఇంజనీరింగ్ చదవడానికి సీటొచ్చిందన్న ఉత్తరాన్ని ఇంట్లో చూపించకుండా, టెక్కలి హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మాస్టారి దగ్గర దాచాను. పలాస బజారులో ఎవరో ఆ మాట అన్న చెవిన వేశారు. సాయంత్రం నన్ను జీడితోటలోకి రమ్మన్నాడు. వెళ్ళేసరికి మట్ట చేతిలో ఉంది.

"ఎందుక్కొడతన్నానో తెల్సా?" అన్నాడు.

"తెల్సు."

"సెప్పు."

"నీకు సెప్పకుండా దాసినందుకు."

"ఎల్తానన్నందుకు కాదు. దాసినందుకు," అని మొదలుపెట్టాడు.

వీపు మీద, పిక్కల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. మట్ట అంచు తగిలి మోచెయ్యి చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మా ఉద్దానంలో ఆ రోజుల్లో చెయ్యి చేసుకోవడం పెద్ద విశేషమేమీ కాదు. రాలిన జీడిపిక్కలు ఏరుకుపోయాడని ఒకణ్ణి చెట్టుకి కట్టి కొట్టడం, గట్టు జరిపాడని కత్తి పట్టుకు రావడం, మాట తేడా వచ్చి తల పగలడం నేను లాగులు తొడుక్కునే వయసు నుంచి చూస్తున్నవే. అన్న కుడికాలి మీద జానెడు గంటు ఉండేది. అదీ గట్టు తగువులో పడ్డ కత్తి వేటే. నాన్న పోయేనాటికి అన్నకు పంతొమ్మిదేళ్ళు, నాకు ఆరు. అమ్మ ఉన్నా, నన్ను పెంచిందీ కొట్టిందీ అతనే. రెండింటికీ నేను అతన్ని మనసులో తిట్టుకుంటూనే పెరిగాను.

అదే అన్న నెల తిరక్కుండా నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పలాస స్టేషన్లో ప్లాట్‌ఫారమంతా నడిచాడు. రైలు కదిలే ముందు ఒక గోనెసంచి కిటికీలోంచి తోశాడు. నిండా ఎండబెట్టిన పచ్చి జీడిపిక్కలు.

"ఒక్కుడివీ తినీకు. ఆల్లకీ కాల్సిపెట్టు," అన్నాడు.

మోచేతికి కట్టు ఇంకా ఉంది. నేను కిటికీ వైపు చూడకుండా కూర్చున్నాను.

బొంబాయిలో ఓడెక్కి, ఇటలీలో దిగి, రైల్లో మంచుకొండలు దాటి నేను చేరిన ఊరు బొగ్గుగనుల ప్రాంతంలో ఉంది. యుద్ధం ముగిసి పదేళ్ళు అవుతున్నా మా వీధిలో ఎడంవైపు ఇళ్ళు లేవు, ఇటుకల దిబ్బలున్నాయి. ఒక వితంతువు తన ఇంట్లో గదులు విద్యార్థులకు అద్దెకిచ్చేది. నా గదిలో నాతోపాటు ఒక జర్మన్ ఉండేవాడు. నాకంటే అయిదేళ్ళు పెద్ద. పదిహేడో ఏట సైన్యంలోకి లాక్కుపోయారట. తొడలో ఇనపముక్క అలాగే ఉండిపోయింది. కాలేజీలో నా క్లాసే. నాకు భాష నేర్పిందీ, ట్రాములో టిక్కెట్టు ఎలా తియ్యాలో చూపించిందీ, నా చెవులు చలికి పగిలితే కొవ్వు రాసిందీ అతనే. నిద్రలో కేకలు పెట్టేవాడు. ఒకసారి లేపబోతే నా గొంతు పట్టుకున్నాడు. నేను కడుపులో గుద్దితేగాని వదల్లేదు. తెల్లవారాక ఇద్దరం సిగ్గుపడ్డాం. అతను తన తొడ చూపించాడు. నేను నా మోచెయ్యి చూపించి కొబ్బరిమట్ట సంగతి చెప్పాను. ఎవరితోనూ అనొద్దన్నాను. అననన్నాడు.

మొదటి ఏడాది ఈస్టర్ సెలవుల్లో ఇద్దరం లారీలు ఆపి ఎక్కుతూ హాలెండు సముద్రం దాకా వెళ్ళాం. సముద్రం బూడిదరంగులో ఉంది. ఎముకలు కొరికే చలి. అయినా మా బారువ ఒడ్డున ఎండే చేపల వాసన ఎక్కడినుంచో వచ్చినట్టే అనిపించి, నీళ్ళు దోసిట్లో పట్టి కళ్ళకద్దుకున్నాను. ఆ సాయంత్రం ఒక సత్రంలో నలుగురైదుగురు విద్యార్థులు కలిశారు. ఇద్దరు ఆడపిల్లలున్నారు. బీరు పట్టించాక నా మిత్రుడికి నోరు ఆగలేదు. బల్లమీద ఉన్న పొడుగాటి రొట్టె తీసి, మా అన్న నన్నెలా కొట్టాడో ఆడి చూపించాడు. ఒక చేత్తో రొట్టె ఆడిస్తూ, రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని నాలా ఏడ్చాడు. "వీళ్ళ దేశంలో అన్నదమ్ములు ఇలా మాట్లాడుకుంటారు. గాడిదలకు కూడా అంతకంటే మర్యాద ఉంటుంది," అన్నాడు. అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అతను మర్నాటికి మరిచిపోయాడు. నేను మాత్రం రెండు రోజులు, అన్ని లారీల్లోనూ, అతని పక్కన కూర్చోకుండా వచ్చాను. మా అన్నను నేను ఏమైనా అంటాను. కసాయివాడంటాను, మొరటు వెధవంటాను, అది నా ఇష్టం. పెట్టె మోసింది నాది, తిన్న దెబ్బలు నావి. మధ్యలో వీడెవడు? ఆ కోపం అన్న మీద ప్రేమో, నా పరువు పోయిన ఉక్రోషమో అప్పుడు తేల్చుకోలేదు. రెండోదే ఎక్కువని ఇప్పుడనుకుంటాను.

తిరిగొచ్చిన ఆదివారం మధ్యాహ్నం అతను మంచం కింది గోనెసంచి కాలితో తట్టి, "ఆరు నెలలుగా దాస్తున్నావు, ఏముంది ఇందులో?" అన్నాడు.

"తినేవే. కాల్చాలి," అన్నాను.

"కాల్చు మరి."

పచ్చి జీడిపిక్కను కాల్చడం తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. దాని పెంకులో నూనె ఉంటుంది. ఊరికే తగిలితేనే తోలు ఊడుతుంది. పెనం మీద వేడెక్కితే చిమ్ముతుంది, ఆపైన భగ్గుమంటుంది. అందుకే మావాళ్ళు ఆరుబయటే కాలుస్తారు. కాల్చేవాడు ముందు "జరగండి" అంటాడు. చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ "జరిగినాం" అనేదాకా ఒక్క పిక్క కూడా వెయ్యడు. చంటిపిల్ల ఉంటే ఆ పిల్ల తరఫున తల్లి అనాలి. చెప్పకుండా వేసినవాణ్ణి ఆ ఏడాది మళ్ళీ పొయ్యి దగ్గరికి రానివ్వరు. మాకు నడక ఎలా వస్తుందో ఇదీ అలాగే వస్తుంది. మరిచిపోవడం అంటూ ఉండదు.

గదిలో బొగ్గుల పొయ్యి ఎర్రగా ఉంది. పెనం పెట్టి నాలుగు గుప్పెళ్ళు వేశాను. పెంకులు నల్లబడి చెమటపట్టినట్టు నూనె కారడం మొదలైంది. అతను పక్కనే వంగి, "అబ్బ, ఏం వాసన," అంటూ ఇంకా దగ్గరికి ముఖం పెట్టాడు. జరుగు అన్న మాట నా నోట్లో ఉంది. జర్మన్‌లో ఆ మాట నాకు బాగా వచ్చు. రొట్టె పట్టుకుని ఆడిన ఆ చెయ్యి కళ్ళముందు కదిలింది. కొంచెం చురుక్కుమననీ అనుకున్నాను. అనుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

పిక్క పేలింది. వెనకే పెనమంతా అంటుకుంది. మండే నూనె అతని ఎడమ చెంప మీద, కంట్లో పడింది. అతను అరిచిన అరుపు నిద్రలో పెట్టే కేకల్లా లేదు. రెండు చేతులూ ముఖానికి నొక్కుకుని గోడకేసి తల కొట్టుకున్నాడు. నేను బూడిద బక్కెట్టు పెనం మీద కుమ్మరించి, అతన్ని కింద పడేసి మీద కూర్చుని చేతులు విడదీశాను. చర్మం అతని వేళ్ళకే అంటుకుని వచ్చింది. ఇంటావిడ పొగలోకి పరుగెత్తుకొచ్చి నన్ను చూసి, చంపుతున్నాననుకుని చీపురుకర్రతో నా నడ్డి విరగ్గొట్టింది. ఆ దెబ్బలు నాకు హాయిగా ఉన్నాయి.

కన్ను ఉంటుందో పోతుందో పదిహేను రోజుల దాకా చెప్పలేమన్నారు డాక్టర్లు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మూడోరోజు పోలీసు వచ్చాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. కావాలని చేశానని తేలితే కాలేజీ లేదు, దేశమూ లేదు, ముందు జైలు. అతను కట్ల మధ్యనుంచి, "ప్రమాదం. ఆ గింజల్లో ఏముందో మా ఇద్దరికీ తెలియదు," అన్నాడు. పోలీసు రాసుకుని నా వైపు చూశాడు. నేను తలాడించాను.

కన్ను పోయింది. వెలుగూ చీకటీ మాత్రం తెలిసేవి. అతను కాలేజీ మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. స్టేషన్లో నాతో చెయ్యి కూడా కలిపాడు. నేను ఒక్క ఉత్తరం రాయలేదు. మరో మూడేళ్ళు చదివి, పారిస్ చూసి, రోము చూసి, డిగ్రీ తీసుకుని ఇంటికొచ్చాను.

రాగానే అందరికీ కబుర్లు కావాలి. టెక్కలి మాస్టారికి చెప్పాను, పలాసలో బంధువులకు చెప్పాను, జీడిపిక్కల కథ కూడా చెప్పాను. తెల్లవాడు పెనంలో ముఖం పెట్టాడన్నచోట అందరూ, "ఆడికేటి తెలుస్తాది పాపం," అని నవ్వేవారు. ఇంటి అరుగు మీద ఇరుగుపొరుగు కూర్చున్న రోజు కూడా అలాగే చెప్పాను. అన్న ఒక్కడే నవ్వలేదు. కొబ్బరితాడు పేనుతూ తలెత్తాడు.

"జరగమన్నావా?" అన్నాడు.

అన్ని దేశాల్లో, అంతమందిలో, ఆ ప్రశ్న అడిగినవాడు ఒక్కడూ లేడు. అబద్ధం రెడీగా ఉంది, చెప్పకుండా అన్న చేతిలోని తాడు వైపు చూశాను. అన్న తాడు కింద పెట్టి లేచాడు.

"ఎందుక్కొడతన్నానో తెల్సా?"

"తెల్సు," అన్నాను.

కొట్టాడు. ముందు చెంప, తరవాత మెడ. సూటు బొత్తాలు తెగాయి. మూడో దెబ్బకి నేను జీవితంలో మొదటిసారి చెయ్యెత్తాను. నా పిడికిలి అతని నోటికి తగిలి పన్ను ఊడింది. అరుగు మీంచి కింద పడ్డాడు. అమ్మ వచ్చి మధ్యలో నిలబడింది. అన్న లేచి కూర్చుని రక్తం ఉమ్మాడు.

"నన్ను కొట్టినావు, బాగుంది. ఆడేటి సేసినాడ్రా నీకు?"

"నిన్ను గాడిదన్నాడు."

"నన్నంటే నాను సూసుకుంతాను. నాను సెప్పి కొట్టినాను, మట్టతో కొట్టినాను. నువ్వు సెప్పకుండా నిప్పుతో కొట్టినావు." మళ్ళీ ఉమ్మి, "రాయి ఆడికి. ఇప్పుడే," అన్నాడు.

వాచిన చెంపతో అక్కడే కూర్చుని రాశాను. జరుగు అన్న మాట నోట్లో ఉండి అనలేదని రాశాను. క్షమించమనలేదు. అడగడానికి ముఖం చాల్లేదు.

రెండు నెలలకు జవాబొచ్చింది. అన్న దొడ్లో కొబ్బరికాయలు వలుస్తున్నాడు. చదవమన్నాడు. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ వెళ్ళాను. పెళ్ళయిందట, మిల్లులో ఉద్యోగమట. ఆఖరి వాక్యాల దగ్గర కాగితం మడవబోయాను. అన్న వలవడం ఆపి చూశాడు. చదవక తప్పలేదు.

'నువ్వు రెండడుగులు వెనక్కి వెయ్యడం నేను ఆ కంటితోనే చూశాను. పోలీసుకు చెబితే నిన్ను ఇంటికి పంపేస్తారు, మీ అన్న నిన్ను కొడతాడు. అందుకని చెప్పలేదు.'

అన్న చేతిలో కాయ అలాగే ఉంది. ఊడిన పన్ను చోట నాలుకతో తడుముకున్నాడు.

"కొట్టీసినానని రాసీ," అన్నాడు.